ర్యాంకులూ, కోచ్‌లూ, మన హైదరాబాద్ ఫుట్‌బాలూ

అమెరికాలో పనిచేసిన రోజుల్లో మా పక్క క్యూబ్‌లో ఒకాయన ఉండేవాడు. సోమవారం నుంచి గురువారం దాకా మామూలు మనిషే. శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి మాత్రం పూనకం మొదలు. శనివారం వాళ్ళ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది మరి. ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదులెండి, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే వాళ్ళ ఫుట్‌బాల్. ఆ ఆట నాకు చివరిదాకా సరిగా అర్థం కాలేదు గానీ, ఆట చుట్టూ జరిగే గొడవ మాత్రం బాగా ఎక్కింది. ఆ గొడవంతా ఒక్క ప్రశ్న మీదే. దేశంలో నంబర్ వన్ ఎవరు?

నూటికి పైగా కాలేజీ జట్లు. ఒక్కో జట్టు సీజన్‌కి ఆడేది పన్నెండో పదమూడో మ్యాచ్‌లు. అందరూ అందరితో ఆడటం అయ్యే పని కాదు. అందుకని ఓట్లేసి తేల్చేవాళ్ళు! 1936 నుంచీ ఏపీ వార్తాసంస్థ విలేఖరుల చేత ఓట్లు వేయించి ర్యాంకులు ఇస్తోంది. 1950 నుంచి కోచ్‌ల ఓట్లతో ఇంకో జాబితా. రెండు జాబితాల్లో నంబర్ వన్ వేరైతే ఆ ఏడు ఇద్దరు చాంపియన్లన్నమాట. ఈ తలనొప్పి పోగొడదామని 1998లో కంప్యూటర్ లెక్కలు కూడా కలిపి బీసీఎస్ అని ఒకటి పెట్టారు. 2003 సీజన్ చివర్లో ఆ పద్ధతిలో ఫైనల్ ఆడి గెలిచింది లూసియానా స్టేట్. విలేఖరులేమో సదరన్ కాలిఫోర్నియాని నంబర్ వన్ అన్నారు. 2014 సీజన్ నుంచి నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది. గొడవ తీరిందా అంటే లేదు. 2023లో ఫ్లోరిడా స్టేట్ ఆడిన పదమూడు మ్యాచ్‌లూ గెలిస్తే, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు కాబట్టి జట్టు మునుపట్లా లేదని కమిటీ పక్కన పెట్టేసింది. 2024లో ప్లేఆఫ్‌ని పన్నెండు జట్లకి పెంచారు. ఇప్పుడు పదమూడో జట్టు వాళ్ళు ఏడుస్తున్నారు :)

సంవత్సరమంతా కష్టపడ్డాక ఒక గదిలో నలుగురు కూర్చుని నీ రేటింగ్ ఇంతే అని చెప్పడం మన ఐటీ వాళ్ళకి కొత్త కాదు గదా. అందుకే నాకు వెంటనే అర్థమైపోయింది.

రెండో గొడవ కోచ్‌ల గురించి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతాలన్నిట్లో పెద్దది గవర్నరుది కాదు, యూనివర్సిటీ కోచ్‌ది. నాలుగు మ్యాచ్‌లు ఓడితే కోచ్‌ని మార్చేయమంటారు. కొత్త కోచ్ వస్తే రెండేళ్ళలో చాంపియన్ కావాలంటారు. మా పక్క క్యూబ్ ఆయన కూడా ఏటా ఎవరో ఒకర్ని ఉద్యోగంలోంచి పీకేస్తూనే ఉండేవాడు, తన కుర్చీలోంచే.

ఒకసారి సెలవుల్లో అనంతపురం వచ్చినప్పుడు ఇదంతా నవ్వుతూ మా చిన్నాయనకి చెప్పాను. ఆయన హైదరాబాదులో చదువుకున్న మనిషి. ఫతేమైదాన్‌లో పోలీసు జట్టు ఆటలు చూసినోడు. ఆయన నవ్వలేదు.

"దాంట్లో నవ్వేదేముందప్పా? మన దగ్గర మాత్రం అంతే గదా జరిగింది. కప్పులు పోలీసోళ్ళవి, పేరు కలకత్తావోళ్ళది" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. తర్వాత దొరికిందల్లా చదివాను. ఇక్కడ రాస్తున్నది ఆ చదువు, దాని మీద నా అభిప్రాయం.

మొదట ఒక సంగతి. 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ వచ్చేదాకా మన దేశంలో క్లబ్బులకి జాతీయ లీగ్ అనేదే లేదు. కాబట్టి ఫలానా సంవత్సరం భారత చాంపియన్ ఎవరు అంటే జవాబూ లేదు. ఉన్నవి కప్పులు. ఢిల్లీలో డ్యూరాండ్, బొంబాయిలో రోవర్స్, కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్. రాష్ట్రాల జట్లకి సంతోష్ ట్రోఫీ. ఏ కప్పు గొప్పది అన్నది మీరు ఏ ఊళ్ళో పుట్టారు, ఏ పేపరు చదువుతారు అన్నదాన్ని బట్టి ఉండేది. అంటే మనదీ ఓట్ల చాంపియన్‌షిప్పే, కాకపోతే ఓట్లు లెక్కపెట్టినవాడు లేడు.

సరే, లెక్క మనమే పెడదాం. 1950 నుంచి 1957 దాకా ఎనిమిదేళ్ళు తీసుకోండి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్ 1950, 51, 52, 53, 54 వరసగా ఐదుసార్లు గెలిచింది. మళ్ళీ 1957లో గెలిచింది. డ్యూరాండ్ 1950, 1954, 1957లలో గెలిచింది. రెండు కప్పులూ కలిపి మొత్తం పదహారు, అందులో తొమ్మిది వీళ్ళవి. రెండూ ఒకే ఏడు గెలిచిన సందర్భాలు మూడు. ఐఎఫ్ఏ షీల్డ్ మాత్రం ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ రాలేదు. దాన్ని కూడా లెక్కలో వేస్తే ఇరవై నాలుగింట్లో తొమ్మిది. అయినా మిగతా ఏ జట్టూ ఐదు దాటదు. కలకత్తా వాళ్ళలా షీల్డ్‌కి ఎక్కువ వెయిటేజీ ఇస్తే వేరే జవాబు రావచ్చు. ఏ అల్గారిథమ్‌లోనైనా వెయిట్లు పెట్టేవాడే రాజు. కానీ మూడింటినీ సమానంగా చూస్తే మాత్రం ఆ ఎనిమిదేళ్ళకీ నంబర్ వన్ మన హైదరాబాదే. దీనికి తోడు సంతోష్ ట్రోఫీ కూడా 1956-57, 1957-58 రెండేళ్ళు వరసగా హైదరాబాద్ జట్టు తెచ్చింది.

ఈ కప్పుల వెనకాల ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు, ఉస్మానియాలో డిగ్రీ చేశాడు, బడిపంతులుగా పనిచేశాడు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటలు నేర్పడం మొదలుపెట్టాడు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. పోలీసు జట్టుకి కోచ్. భారత జట్టుకి కూడా కోచ్. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన గురించే. ఆ సినిమా వచ్చేదాకా మన తెలుగువాళ్ళలో ఎంతమందికి ఈ పేరు తెలుసో నేను అడగను, నాకూ చిన్నాయన చెప్పేదాకా తెలీదు.

ఆయన పద్ధతులు చదువుతుంటే పంతులు కనిపిస్తాడు. కుడికాలితో మాత్రమే ఆడేవాళ్ళకి ఎడమకాలు అలవాటు కావాలని, బలహీనమైన కాలితోనే తన్నాలనే నియమంతో పోటీలు పెట్టేవాడు. బంతిని ఎవడికి వాడు కాలి దగ్గరే ఉంచుకుని గారడీలు చేయకుండా, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవాడు. ఒక్క తాకుతో పాస్ ఇవ్వాలి, అంతే. సెంటర్ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి లాగి ఆడించడం, 4-2-4 వ్యూహం, ఇవన్నీ ప్రపంచంలో పెద్ద పెద్ద జట్లు చేస్తున్న కాలంలోనే మన దగ్గరా జరిగాయి. డబ్బులూ పెద్ద స్టేడియాలూ అక్కర్లేని పనులివి. ఒక మైదానం, కొంతమంది పిల్లలు, ఓపికున్న ఒక మాస్టారు ఉంటే చాలు.

ఇప్పుడు భారత జట్టు సంగతి. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి బంగారు పతకం. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చావుదెబ్బ. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఈ రోజుల్లో అయితే విమానం దిగేలోపే కోచ్ ఉద్యోగం ఊడేది. మీమ్స్ సంగతి చెప్పక్కర్లేదు. అప్పుడు ఏం చేశారంటే బూట్లు తప్పనిసరి చేశారు, రహీం సాబ్‌ని మాత్రం వదులుకోలేదు. నాలుగేళ్ళ తర్వాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచారు.

అభిమానిని కాబట్టి ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఓట్లేసే విలేఖరిలాంటివాడినే. మెల్‌బోర్న్‌లో ఆడింది పదకొండు జట్లే. హంగరీ రానందువల్ల మొదటి రౌండ్ మనకి ఆడకుండానే దాటింది. మొత్తం ఆడిన మూడు మ్యాచ్‌లలో గెలిచింది ఒకటి. నాలుగో స్థానం అన్న ముక్క నిజమే గానీ, ప్రపంచంలో నాలుగో జట్టు అంటే మాత్రం అబద్ధం. ఫిఫా ర్యాంకులు మొదలైందే 1992 డిసెంబరులో. కాబట్టి రహీం సాబ్ జట్టుకి అసలు ర్యాంకే లేదు.

ర్యాంకు లేని ఆ జట్టు 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో చేసింది చూడండి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాం మీద వరసగా గెలుపు. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ అదే కొరియా. తైవాన్, ఇజ్రాయెల్ జట్లని రానివ్వనందుకు మన దేశపు అధికారి ఒకరు అభ్యంతరం చెప్పారని స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తోంది. జర్నైల్ సింగ్ తలకి కుట్లతో ఆడాడు. డిఫెండర్ అయిన అతన్ని ముందుకు పంపి గోల్ కొట్టించారు. పీకే బెనర్జీ ఇంకోటి కొట్టాడు. 2-1తో బంగారం. ఆ జట్టులో మన జంటనగరాల నుంచి ఎదిగిన బలరాం, యూసఫ్ ఖాన్, అఫ్జల్ ఉన్నారు. బెంచీ మీద కూర్చున్న కోచ్‌కి అప్పటికే క్యాన్సర్. 1963 జూన్ 11న రహీం సాబ్ చనిపోయాడు.

ఇక్కడి నుంచే నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి.

కోచ్ పోయిన మర్నాడే జట్టు కూలిపోలేదు. అదే 1963లో ఆంధ్ర పోలీస్ (సిటీ పోలీస్ జట్టుకి అప్పటికి వచ్చిన పేరు) రోవర్స్ కప్ గెలిచింది. 1964లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన హ్యారీ రైట్ కోచ్‌గా భారత్ ఆసియా కప్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ టోర్నీలో ఆడింది నాలుగు జట్లే, అది వేరే విషయం. 1965-66లో ఆంధ్ర ప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఏషియన్ గేమ్స్‌లో హైదరాబాదీ నయీముద్దీన్ కెప్టెన్‌గా కాంస్యం వచ్చింది. ఆ సమయంలో ర్యాంకులు వేసి ఉంటే గ్రాఫ్ చూసి ఎవరికీ భయం వేసి ఉండేది కాదు. కానీ 1963 తర్వాత పోలీసు జట్టుకి ఇంకో రోవర్స్ లేదు. 1961 తర్వాత ఇంకో డ్యూరాండ్ లేదు. 1965-66 తర్వాత ఆంధ్ర ప్రదేశ్‌కి సంతోష్ ట్రోఫీ లేదు. 1960 రోమ్ తర్వాత భారత ఫుట్‌బాల్‌కి ఒలింపిక్స్ లేదు.

అంతా ఒక్క మనిషి పోవడం వల్లేనా? అలా అంటే సినిమా అవుతుంది, చరిత్ర కాదు. కలకత్తా క్లబ్బులు డబ్బులిస్తాయి, లక్షల మంది చూస్తారు. పోలీసు ఉద్యోగం ఎంత గౌరవమైనా జీతం జీతమే. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయాడు. నయీముద్దీన్, హబీబ్ 1966లో వెళ్ళారు. హబీబ్ అంటే 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మన హైదరాబాదీ. ఆటగాళ్ళు వెళ్ళడం తప్పేం కాదు, మనం బెంగుళూరు, డల్లాస్ వెళ్ళలేదా? రహీం సాబ్ ఉన్నప్పుడూ వెళ్ళారు. కాకపోతే అప్పుడు ఒకడు వెళ్తే వెనకాల ఇద్దరు తయారుగా ఉండేవాళ్ళు. తర్వాత ఆ ఇద్దరు కరువయ్యారు.

మన భాషలో చెప్పాలంటే సంఘం నడిపేదీ, పోలీసు జట్టుని తీర్చేదీ, దేశం జట్టుని తీర్చేదీ ఒకే మనిషి. బస్ ఫ్యాక్టర్ ఒకటి. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ జరగలేదు. రహీం సాబ్ కొడుకు ఎస్.ఎస్. హకీం, నయీముద్దీన్, షబ్బీర్ అలీ అందరూ తర్వాత కోచ్‌లయ్యారు. షబ్బీర్ అలీ అయితే 1998-99లో సాల్గావ్‌కర్‌కి జాతీయ లీగ్ గెలిపించాడు. కానీ ఆ కప్పు వెళ్ళింది గోవాకి. మనుషులు ఉన్నారు, వాళ్ళు పనిచేయడానికి ఊళ్ళో వ్యవస్థ లేదు.

ఇదంతా పాత కథే కదా అంటారేమో. కొత్త కథ కూడా అచ్చు ఇలాగే ఉంది.

2019లో ఐఎస్ఎల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని కొత్త జట్టు వచ్చింది. మొదటి సీజన్లో ఆఖరి స్థానం, మధ్యలోనే కోచ్ ఫిల్ బ్రౌన్‌ని తీసేశారు. తర్వాత ఒప్పుకున్న ఆల్బర్ట్ రోకా బార్సిలోనా క్లబ్ పిలిచిందని 2020లో వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలో వచ్చినవాడు మనోలో మార్క్వెజ్. ఆ ఏడు ఐదో స్థానం. మరుసటి ఏడు, అంటే 2022 మార్చి 20న, గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ట్రోఫీ. ఎన్నో ఏళ్ళ తర్వాత దేశపు పెద్ద కప్పు మీద హైదరాబాద్ పేరు పడింది. ఇందులోనూ మళ్ళీ పాత ప్రశ్నే. ఆ సీజన్లో పట్టికలో మొదటి స్థానం జంషెడ్‌పూర్‌ది, షీల్డ్ వాళ్ళకే. మన స్థానం రెండు. మరి చాంపియన్ ఎవరు? మా పక్క క్యూబ్ ఆయన ఉంటే రెండు గంటలు వాదించేవాడు. నాకైతే ఫైనల్ గెలిచినవాడే చాంపియన్, ఎందుకంటే గెలిచింది మనవాళ్ళు కాబట్టి. అభిమానం లాజిక్ అంతే :)

2023లో మనోలో గోవా జట్టుకి వెళ్ళాడు. 2023-24లో హైదరాబాద్ ఇరవై రెండు మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచి ఆఖరున నిలిచింది. కోచ్ ఒక్కడే కారణం కాదు, డబ్బు కష్టాలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, కొత్తవాళ్ళని తీసుకోకుండా నిషేధం, అన్నీ కలిసొచ్చాయి. తర్వాత యజమానులు మారారు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చేసుకుంది. చాంపియన్ అయిన మూడున్నరేళ్ళకి ఊళ్ళో జట్టే లేదు. రహీం సాబ్ తర్వాత జరిగింది ఇరవై ముప్పై ఏళ్ళు పట్టింది. ఇది మూడేళ్ళలో అయిపోయింది. ఇప్పుడన్నీ ఫాస్టే కదా.

దేశం జట్టుదీ అదే వరస. 1996 ఫిబ్రవరిలో 94వ ర్యాంకు, 2015 మార్చిలో 173. 2023లో వంద లోపలికి వచ్చి సంబరపడ్డాం. 2024 మొదట్లో ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడాం. జూన్‌లో కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ని తీసేశారు. జూలైలో మన మనోలోనే వచ్చాడు. ఏడాది తిరక్కుండానే ఆయనా వెళ్ళిపోయాడు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ని పెట్టారు. అప్పటికి ర్యాంకు 133.

మాది అనంతపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూడటం మావాళ్ళకి వృత్తి. మా దగ్గర బోరు కథ ఒకటి ఉంటుంది. మూడొందల అడుగుల్లో నీళ్ళు పడితే ఊరంతా చూసి మెచ్చుకుంటారు. రెండేళ్ళకి ఎండిపోతుంది. ఇంకో పాయింటు చూపించి, అప్పు చేసి, ఐదొందలు, ఎనిమిదొందల అడుగులు తవ్విస్తారు. పాయింటు చూపించినవాడినే మారుస్తుంటారు గానీ, చెరువు ఎందుకు నిండట్లేదని అడిగేవాళ్ళు తక్కువ. చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లన్నీ వాటంతటవే పలుకుతాయి. ర్యాంకు అనేది బోరులో పడ్డ నీళ్ళు. కోచ్‌ని మార్చడం పాయింటు మార్చడం. రహీం సాబ్ చేసింది చెరువు పని. బళ్ళలో, బస్తీల మైదానాల్లో పిల్లలకి ఎడమకాలు నేర్పడం. ఆయన పోయాక చెరువుని ఎవరూ పట్టించుకోలేదు, ఉన్న నీళ్ళు కొన్నేళ్ళు తోడుకున్నాం, అంతే.

అందుకే మా ఊళ్ళో జరుగుతున్న ఒక పని నాకు నచ్చుతుంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ ఊరి బయట క్రీడాగ్రామం కట్టింది. బయటివాళ్ళకి అది 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ ఆడినప్పుడు తెలిసింది. నాకు ముఖ్యం అక్కడి ఫుట్‌బాల్. పల్లెల నుంచి వచ్చిన మగపిల్లలూ ఆడపిల్లలూ నేర్చుకుంటున్నారు. స్పెయిన్ లా లిగా వాళ్ళ ఫౌండేషన్ కూడా తోడైంది. తమాషా ఏమిటంటే మనోలో కూడా బార్సిలోనా వాడే. ఒక బార్సిలోనా మనిషి హైదరాబాదుకి కప్పు తెచ్చి వెళ్ళాడు. ఇంకో బార్సిలోనా మనిషి మా కరువు సీమలో నలభై ఏళ్ళుండి, మైదానాలు మిగిల్చి వెళ్ళాడు. కప్పు తెచ్చినాయన తప్పు ఏమీ లేదు, కోచ్ పని అది. కానీ ఏది నిలిచిందో చూడండి.

ఈ పిల్లల్లోంచి ఇంకో బలరాం వస్తాడని నేను చెప్పను, అది కూడా ర్యాంకుల జోస్యమే అవుతుంది. నా కోరిక చిన్నది. అక్కడ పిల్లలకి నేర్పుతున్న కోచ్‌లు ఈరోజు నేర్పుతున్నది రాసి పెట్టాలి, తమ తర్వాత ఎవరో ఇప్పుడే తయారు చేసుకోవాలి. ఏ ఒక్కరు వెళ్ళిపోయినా సోమవారం పొద్దున పిల్లలు మైదానానికి వచ్చేసరికి ఎవరో ఒకరు విజిల్ పట్టుకుని ఉండాలి.

మొన్న చిన్నాయనకి ఫోన్ చేసి, హైదరాబాద్ జట్టు ఢిల్లీకి పోయిందంట అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పోలీసోళ్ళ కప్పులు యాడున్నాయో ఎవరన్నా చూసినారా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు.